తుపాకీ పేలింది, స్లైడ్ కదల్లేదు: జపాన్ యాక్షన్ సినిమాలపై మీ ప్రశ్నలు, మా జవాబులు

పోయిన సంచికలో జపాన్ యాకుజా (నేర ముఠాల) సినిమాల మీద వేసిన వ్యాసానికి ఉత్తరాలు బాగానే వచ్చాయి. చిత్రమేమిటంటే కథల గురించి, నటుల గురించి అడిగినవాళ్లు తక్కువ. ఎక్కువమంది పట్టుకున్నది తుపాకుల్నే. అందుకని ఈసారి శీర్షిక మొత్తం వాటికే వదిలేశాం. ఒకే సందేహం చాలామందికి వచ్చిన చోట ఉత్తరాలన్నీ కలిపి ఒక ప్రశ్న చేశాం. ఒక జవాబులో మాత్రం సినిమా ముగింపు చెప్పక తప్పలేదు, అక్కడ ముందే హెచ్చరించాం.

ప్రశ్న: ఓటీటీలో ఒక పాత జపాన్ గ్యాంగ్‌స్టర్ సినిమా చూశానండీ. హీరో పిస్టల్‌తో ఒకటే కాల్పులు. ముందు నుంచి మంట వస్తోంది గానీ పిస్టల్ పైభాగం ఒక్కసారి కూడా వెనక్కి కదలదు, ఖాళీ షెల్ ఒక్కటి కింద పడదు. మరుసటి సీన్‌లో మాత్రం అదే పిస్టల్ నుంచి షెల్స్ ఎగిరి పడతాయి, అప్పుడేమో మంట ఉండదు! డబ్బుల్లేక అలా తీశారా, లేక ఎవరూ పట్టించుకోలేదా?

జవాబు: మీ కళ్లకు దండం పెట్టాలి. పట్టించుకోకపోవడం కాదు, అంతకంటే బాగా తీయడానికి అక్కడి చట్టం ఒప్పుకోదు.

జపాన్‌లో తుపాకులు, కత్తుల చట్టం 1958లో వచ్చింది. మామూలు పౌరుడి దగ్గర చేతి తుపాకీ ఉండటమే నేరం. సినిమావాళ్లకు మినహాయింపేమీ లేదు. హాలీవుడ్‌లో చేసినట్టు అసలు తుపాకీ తెచ్చి, అందులో గుండు లేని బ్లాంక్ తూటాలు పెట్టి, సెట్‌లో నిపుణుణ్ని నిలబెట్టి కాల్చుకుందామంటే కుదరదు. కాబట్టి వాళ్ల చేతిలో ఉండేది మొదటి నుంచీ నకిలీయే. ఆ నకిలీల్లో రెండు రకాలు.

ఒకటి, గొట్టం లోపల చిటికెడు మందు పెట్టి, ట్రిగ్గర్ నొక్కగానే కరెంటుతో అంటుకునేలా చేసినది. దీంట్లో మంట అద్భుతంగా వస్తుంది. కానీ లోపల తూటా లేదు, స్లైడ్‌ను వెనక్కి నెట్టే శక్తీ లేదు, అందుకే పైభాగం కదలదు, షెల్ పడదు. పైగా ఒకసారి మందు నింపితే ఎక్కువసార్లు పేలదు, మళ్లీ నింపుకోవాలి. రెండోది, మోడల్ గన్. చిన్న పటాసులాంటి మందున్న డమ్మీ తూటాలు పెడతారు, అది పేలిన ఊపుకు స్లైడ్ వెనక్కి వెళ్లి షెల్ బయటికి ఎగురుతుంది. అయితే దాని గొట్టం మూసేసి ఉంటుంది, కాబట్టి ముందు నుంచి మంట రాదు. అంటే ఒకదానికి మంట ఉంది, కదలిక లేదు. ఇంకోదానికి కదలిక ఉంది, మంట లేదు. దర్శకుడు దూరపు షాట్‌లో మొదటిది, దగ్గరి షాట్‌లో రెండోది పెట్టి ఎడిటింగ్‌లో అతికిస్తాడు. మీరు పట్టుకున్నది ఆ అతుకునే.

ఈ మోడల్ గన్‌ల కథ కూడా కాస్త చెప్పాలి. 1960లలో అచ్చం అసలువాటిలా ఉండే లోహపు మోడల్ గన్‌లు జపాన్‌లో విపరీతంగా అమ్ముడుపోయాయి. వాటితో బెదిరింపులు, నేరాలు మొదలయ్యేసరికి 1971లో చట్టం సవరించారు: చేతి తుపాకీ ఆకారంలో ఉన్న లోహపు మోడల్‌కు తెలుపు గానీ పసుపు గానీ రంగు ఉండాలి, గొట్టం మూసి ఉండాలి. 1977లో మరింత బిగించారు. బంగారు రంగు పిస్టల్ పట్టుకున్న రౌడీని చూసి ఎవడు భయపడతాడు? అందుకే నల్ల ప్లాస్టిక్ మోడల్స్ వచ్చాయి.

ఈ రోజుల్లో చాలావరకు గ్యాస్‌తో స్లైడ్ కదిలే బొమ్మ తుపాకులు వాడి, మంటను కంప్యూటర్‌లో కలుపుతున్నారు. డబ్బున్న నిర్మాత అయితే విదేశాలకు వెళ్లి తీస్తాడు. దర్శకుడు, నటుడు తకేషి కితానో 2000లో వచ్చిన 'బ్రదర్'ను చాలా భాగం లాస్ ఏంజెలిస్‌లో తీశాడు. అదొకటి, ఆయనే జపాన్‌లో తీసిన సినిమా ఇంకొకటి, కాల్పుల సీన్లు పక్కపక్కన పెట్టి చూడండి.

ప్రశ్న: ప్రతి యాకుజా సినిమాలోనూ చిల్లర రౌడీల చేతిలో ఒకే రకం పిస్టల్ కనిపిస్తోంది. సన్నగా, పలకలా, పిడి మీద నక్షత్రం. ఏమిటది?

జవాబు: టోకరెవ్. సోవియట్ డిజైనర్ ఫ్యోదర్ టోకరెవ్ 1930లలో తయారు చేసిన సైనిక పిస్టల్. మీరు చూసింది బహుశా దాని చైనా రూపం, టైప్ 54. 1980లలో, ఆ తర్వాత ఇవి దొంగదారిన సముద్రం మీదుగా జపాన్‌లోకి కుప్పలుగా వచ్చిపడ్డాయి. యాకుజా అంటే టోకరెవ్ అన్నంతగా జనం నోళ్లలో, వార్తల్లో ఆ పేరు స్థిరపడిపోయింది.

అందులో పట్టేవి 8 తూటాలు, 7.62 మిల్లీమీటర్లవి. తూటా చిన్నదే కానీ సెకనుకు 400 మీటర్లు దాటిన వేగంతో పోతుంది, కాబట్టి మనిషిని దాటి అవతలికి కూడా వెళ్లగలదు. అసలు సోవియట్ డిజైన్‌లో విడిగా సేఫ్టీ మీట లేదు. వెనక ఉండి తూటాను పేల్చే సుత్తిని సగం వరకు లాగి ఆపుకోవడమే రక్షణ. అలాంటి దాన్ని శిక్షణ లేని ఇరవయ్యేళ్ల కుర్రాడు ప్యాంటు నడుములో దోపుకుని తిరిగితే ఏమవుతుందో ఊహించుకోండి. మంచి దర్శకులు ఈ భయాన్ని బాగా వాడుకున్నారు. కుర్రాడి చేయి వణుకుతుంది, రెండు బుల్లెట్లు గోడకు, ఒకటి తనవాడికే.

సినిమాలో టోకరెవ్ కనిపిస్తే దాని అర్థం ఒకటే: వీడు ముఠాలో కింది మెట్టు మీదున్నాడు. ఏది దొరికితే అది ఇచ్చి పంపించారు. అదే స్థాయి పాత్రకు కొన్ని సినిమాల్లో ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన నాటు రివాల్వర్ ఇస్తారు. అది కూడా నిజమే, సెబూ దీవిలో దనావో అనే ఊరు ఇళ్లలో తయారయ్యే తుపాకులకు పేరుమోసింది, అక్కడి సరుకు జపాన్ ముఠాలకు చేరేది. రష్యా వైపు నుంచి మకరోవ్ పిస్టల్స్ వచ్చాయి. ముఠా పెద్ద చేతిలో మాత్రం మీకు తుపాకీయే కనిపించదు. ఎందుకో కిందికి వెళితే తెలుస్తుంది.

ప్రశ్న: ఆరు తూటాల రివాల్వర్‌తో హీరో ఎన్నిసార్లు కాల్చవచ్చు?

జవాబు: నిర్మాత కొడుకైతే లెక్కలేదు. మిగతావాళ్లు ఆరుసార్లే.

ప్రశ్న: జపాన్ పోలీసు పాత్రలకు అంత చిన్న రివాల్వర్ ఎందుకు? పైగా దానికి తాడు కట్టి నడుముకు తగిలించుకుంటారు. చూడటానికి కామెడీగా ఉంది.

జవాబు: మీకు కామెడీ, వాళ్లకు నిబంధన. ఆ తాడు ఎవరూ తుపాకీ లాక్కుపోకుండా, పెనుగులాటలో కింద పడిపోకుండా. పోలీసు దగ్గరి తుపాకీ పోతే అక్కడ అది దేశమంతా వార్త అయిపోతుంది. డ్యూటీ అవగానే తుపాకీ స్టేషన్‌లో అప్పగించి వెళ్లాలి, ఇంటికి తీసుకెళ్లేది లేదు.

రివాల్వర్ సంగతికొస్తే, మీరు చూసింది న్యూ నాంబు ఎం60 అయ్యుండాలి. 1960 నుంచి జపాన్‌లోనే తయారైంది, .38 స్పెషల్ తూటాలు, ఆరు కాదు, ఐదే. యుద్ధం అయిపోయాక అమెరికా సైన్యం ఇచ్చిన భారీ .45 కోల్ట్‌లు, పాత రివాల్వర్లు పోలీసులకు బరువైపోవడంతో, చిన్న చేతికి అమరే తేలికైన దాన్ని సొంతంగా చేసుకున్నారు. తర్వాత స్మిత్ అండ్ వెసన్ వాళ్ల చిన్న రివాల్వర్లు కూడా తెచ్చారు. మఫ్టీలో ఉండే డిటెక్టివ్‌లకు సిగ్ పి230 అనే సన్నటి .32 పిస్టల్ ఉంది. దాని జపాన్ మోడల్‌లో ప్రత్యేకంగా సేఫ్టీ మీట, తాడు కట్టుకునే రింగు పెట్టించారు. చూశారా, మళ్లీ తాడే.

కాబట్టి సినిమాలో ఒక టోక్యో డిటెక్టివ్ కోటు లోంచి గజం పొడుగు మాగ్నమ్ తీశాడంటే అది పూర్తిగా కల్పన. 70, 80లలో అక్కడి సినిమాలు, టీవీ సీరియళ్లు ఇలాంటి డిటెక్టివ్‌లతో నిండిపోయాయి, అదంతా అమెరికన్ పోలీసు సినిమాల మోజు. నాకైతే ఐదు తూటాల పోలీసే ఇష్టం. ఎదుటివాడి దగ్గర ఎనిమిది ఉన్నాయి, తన దగ్గర ఐదు. ఒక్కోటి లెక్కపెట్టుకుని కాల్చాలి. టెన్షన్ అంటే అది.

ప్రశ్న: 'సిటీ హంటర్' హీరో వాడే రివాల్వర్ నిజంగా ఉందా?

జవాబు: ఉంది. కోల్ట్ పైథాన్, .357 మాగ్నమ్, ఆరు తూటాలు. అమెరికాలో 1955లో మార్కెట్‌లోకి వచ్చింది. మాంగాలో (జపాన్ కామిక్స్‌లో) ఉన్నప్పటి నుంచి హీరోది అదే తుపాకీ, 2024లో నెట్‌ఫ్లిక్స్ తీసిన సినిమాలో కూడా మార్చలేదు. మారిస్తే అభిమానులు ఊరుకోరు. అక్కడ మాంగా పాత్రలకు తుపాకీ ఇంటిపేరు లాంటిది. లుపాన్ అంటే వాల్తర్ పి38 పిస్టల్, గోల్గో 13 అంటే ఎం16 రైఫిల్.

ప్రశ్న: 'బ్యాటిల్ రాయల్'లో కొందరికి మెషీన్ గన్, కొందరికి గిన్నె మూత ఇవ్వడం ఏమిటండీ? నాకు చాలా సిల్లీగా అనిపించింది. హీరోకే మూత వచ్చింది!

జవాబు: (సినిమా చూడనివాళ్లు ఈ జవాబు దాటేయండి, ముగింపు చెబుతున్నాం.)

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు: కౌషున్ తకామి 1999 నవల ఆధారంగా కింజి ఫుకసాకు 2000 డిసెంబర్‌లో విడుదల చేసిన సినిమా. ఒక స్కూలు క్లాసు మొత్తాన్ని దీవిలో వదిలేసి, మూడు రోజుల్లో ఒక్కరే మిగిలేదాకా ఒకర్నొకరు చంపుకోమంటారు. ప్రతి పిల్లవాడికీ ఒక సంచి. అందులో ఏముందో అదృష్టం మీద ఆధారపడి ఉంటుంది.

సిల్లీ అనిపించడం తప్పు కాదు, నవ్వాలనే పెట్టారు. కానీ ఆ నవ్వు గొంతులో ఇరుక్కుంటుంది చూడండి, సినిమా బలమంతా అక్కడే. హీరో షుయాకు గిన్నె మూత. హీరోయిన్ నొరికోకు బైనాక్యులర్స్. ఇంకో అబ్బాయికి మనుషులెక్కడున్నారో చూపించే పరికరం, ఒక విధంగా తుపాకీ కంటే అదే నయం. అందరికంటే భయంకరమైన కిరియామాకు దక్కింది చేత్తో మడిచిన కాగితం విసనకర్ర. హాస్యనాటకాల్లో తల మీద కొట్టడానికి వాడేది. వాడు అది పట్టుకుని, తుపాకులున్న గుంపు ఎదుట నిలబడి, రెండు నిమిషాల్లో వాళ్ల ఆయుధం వాళ్ల మీదే తిప్పుతాడు. నవలలో ఆ తుపాకీ ఇంగ్రామ్ ఎం10. నిమిషానికి వెయ్యి తూటాలకు పైగా విసిరే చిన్న సబ్‌మెషీన్ గన్, 30 తూటాల మ్యాగజైన్ రెండు సెకన్లలో ఖాళీ అయిపోతుంది. గురి అనేదే అక్కర్లేదు, దగ్గరి నుంచి చల్లడమే. అలాంటి తుపాకీ మాటలు లేని, జాలి లేని పాత్ర చేతికి వెళ్లడం యాదృచ్ఛికం కాదు.

నాకు అంతకంటే గట్టిగా తగిలింది లైట్‌హౌస్ సీన్. అక్కడ దాక్కున్న అమ్మాయిలు స్నేహితురాళ్లు, వంట చేసుకుంటున్నారు, నవ్వుకుంటున్నారు. ఒకామె వేరేవాడి కోసం కలిపిన విషం ఇంకొకామె తింటుంది. అంతే, బల్ల పక్కనున్న తుపాకీ ఎవరి చేతికి ముందు అందితే వాళ్లది. ఆ గదిలో తుపాకీ లేకపోతే వాళ్లు అరుచుకునేవాళ్లు, జుట్లు పట్టుకునేవాళ్లు, బహుశా ఏడ్చి ఊరుకునేవాళ్లు.

ఇక ముగింపు. టీచర్ పాత్ర వేసిన కితానో పిల్లల మీదికి పిస్టల్ గురిపెడతాడు, షుయా కాల్చేస్తాడు, తీరా చూస్తే టీచర్ చేతిలోది నీళ్లు చిమ్మే బొమ్మ తుపాకీ. సినిమా మొత్తం అసలు తుపాకుల్లా కనిపించే నకిలీలతో తీసి, చివర్లో కథలోనే ఒక నకిలీని పెట్టడం ఫుకసాకు వేసిన జోకు అని నా అనుమానం.

సినిమా విడుదలకు ముందే జపాన్ పార్లమెంటులో గొడవ అయింది, పదిహేనేళ్ల లోపువాళ్లు చూడకూడదని సర్టిఫికెట్ ఇచ్చారు. అంటే తెర మీద చచ్చిపోతున్న పిల్లల వయసువాళ్లకే థియేటర్‌లోకి ప్రవేశం లేదు. ఫుకసాకుకు అప్పటికి 70 ఏళ్లు. యుద్ధకాలంలో తానూ పదిహేనేళ్ల వయసులో ఆయుధాల ఫ్యాక్టరీలో పనిచేశానని, బాంబుదాడుల్లో తోటిపిల్లలు చచ్చిపోతుంటే చూశానని ఆయనే చెప్పుకున్నాడు. ఇది తెలిశాక గిన్నె మూత అంత సిల్లీగా ఉండదనుకుంటా.

ప్రశ్న: 1946లో జరిగే యాకుజా సినిమాల్లో మరి ఏ తుపాకులు? అప్పటికి మీరన్న టోకరెవ్‌లు రాలేదు కదా.

జవాబు: మంచి పాయింట్. యుద్ధం ఓడిపోయిన దేశంలో తుపాకులకు కొదవుండదు. ఒకవైపు రద్దయిపోయిన సొంత సైన్యం పిస్టల్స్, ముఖ్యంగా 1925లో వచ్చిన నాంబు టైప్ 14. సన్నటి గొట్టం, 8 మిల్లీమీటర్ల తూటా, తర్వాత వచ్చినవాటికి చేతి తొడుగు వేసుకుని కూడా కాల్చేలా ట్రిగ్గర్ చుట్టూ పెద్ద కమ్మీ. ఇంకోవైపు అమెరికా సైన్యం వెంట వచ్చిన కోల్ట్ .45. సినిమాలో ఎవరు ఏది పట్టుకున్నారో చూస్తే, వాడు పాత సైన్యం నుంచి ఇంటికొచ్చిన సిపాయా, లేక అమెరికన్ క్యాంపు చుట్టూ నల్లబజారు నడిపేవాడా అన్నది సంభాషణ లేకుండానే తెలిసిపోతుంది.

ఈ కాలం కోసం ఒక్కటే చూస్తానంటే ఫుకసాకుదే 1973 నాటి 'బ్యాటిల్స్ వితౌట్ ఆనర్ అండ్ హ్యుమానిటీ' చూడండి. హిరోషిమా పక్కన కురే రేవులో మొదలవుతుంది. అందులో ఎవరికీ సరిగ్గా కాల్చడం రాదు. కళ్లు మూసుకుని కాలుస్తారు, పడిపోతూ కాలుస్తారు, నాలుగడుగుల దూరంలో ఉన్నవాడికి కూడా తగిలించలేరు. స్టైల్‌గా కాల్చే హీరోలను చూసి చూసి ఉన్న కళ్లకు ఇది వేరే లోకం.

ప్రశ్న: తుపాకులుండగా క్లైమాక్స్‌లో కత్తులు తీయడం ఎందుకు? లాజిక్ ఉందా?

జవాబు: కొంత సంప్రదాయం, కొంత అందం, కొంత శిక్షల లెక్క. మొదటి రెండూ మీకు తెలిసినవే, మూడోది చెబుతా.

1995లో చట్టం మార్చి, జనం తిరిగే చోట తుపాకీ పేల్చడాన్నే విడి నేరం చేశారు. ఎవరికీ తగలకపోయినా సరే, గరిష్ఠ శిక్ష యావజ్జీవం. తుపాకీతో పాటు దానికి సరిపోయే తూటాలు కూడా దగ్గరుంటే శిక్ష ఇంకా పెరుగుతుంది. లొంగిపోయి అప్పగిస్తే తగ్గిస్తారు. ఇవన్నీ కలిపి చూస్తే, ముఠావాడికి తుపాకీ లాభం కంటే నష్టమే ఎక్కువ తెచ్చే సరుకైపోయింది.

పెద్దల సంగతి ఇంకా ఘోరం. దేశంలోకెల్లా పెద్ద ముఠా యామగుచి-గుమి అధినేత షినోబు త్సుకాసా ఆరేళ్ల శిక్ష పడి 2005లో జైలుకెళ్లి 2011లో బయటికొచ్చాడు. ఆయన ఎవర్నీ కాల్చలేదు, ఆయన చేతిలో తుపాకీ కూడా లేదు. 1997లో ఒసాకాలో ఆయన బాడీగార్డుల దగ్గర తుపాకులు దొరికాయి, అవి ఆయన కోసమే అని కోర్టు తేల్చింది. అందుకే ఇప్పటి సినిమాల్లో ముఠా పెద్ద తుపాకీ ముట్టుకోడు, మాట కూడా నేరుగా అనడు. ఒక చూపు చూస్తాడు, టీ తాగుతాడు, కిందివాడు అర్థం చేసుకుని వెళ్లిపోతాడు. ఈ మౌనాన్ని మనం ఆర్ట్ అనుకుంటాం. అందులో సగం వకీలు సలహా.

కత్తులు కూడా అంత అమాయకమైనవేమీ కాదులెండి. వీధిలో కత్తి కట్టుకుని తిరగడాన్ని 1876లోనే నిషేధించారు, ఇప్పుడు కళాఖండంగా రిజిస్టర్ అయిన కత్తినే దగ్గర ఉంచుకోవచ్చు. సినిమాల్లో వాడేవి ఎక్కువగా వెదురుబద్దకు వెండిరేకు అంటించినవి, లేదా పదును లేని తేలిక లోహానివి. 1988 చివర్లో ఒక సమురాయ్ సినిమా షూటింగ్‌లో పొరపాటున అసలు కత్తి వాడటంతో ఒక నటుడు మెడకు దెబ్బ తగిలి చనిపోయాడు. తుపాకుల విషయంలో అంత జాగ్రత్తపడే పరిశ్రమలో జరిగిన ప్రమాదం అది.

ప్రశ్న: రివాల్వర్‌కి సైలెన్సర్ పెట్టి 'ఫుట్' అని కాలుస్తారు. కుదురుతుందా?

జవాబు: కుదరదు. రివాల్వర్‌లో తూటాలుండే చక్రానికీ గొట్టానికీ మధ్య సన్నటి సందు ఉంటుంది, శబ్దం అక్కడి నుంచే బయటికొచ్చేస్తుంది. ఆ సందును మూసే ఏర్పాటున్న పాత రష్యన్ నాగాంట్ రివాల్వర్ లాంటిది ఒక మినహాయింపు. పిస్టల్‌కి పెట్టినా 'ఫుట్' అని మాత్రం రాదు. మామూలుగా 155, 160 డెసిబెల్స్ దాకా ఉండే మోతను 130 దగ్గరికి తెస్తుంది, అంటే పక్కగదిలో నిద్రపోతున్నవాడు లేచి కూర్చుంటాడు.

ప్రశ్న: తూటా తగిలితే మనిషి ఎగిరి అద్దం పగలగొట్టుకుని బయట పడతాడు. రక్తం ఫౌంటెన్‌లా చిమ్ముతుంది. ఇందులో నిజమెంత?

జవాబు: ఎగరడంలో నిజం సున్నా. 8 గ్రాముల తూటా సెకనుకు 350 మీటర్ల వేగంతో వచ్చి 70 కిలోల మనిషిలో ఆగిపోయిందనుకోండి, మొత్తం ఊపు అతనికి బదిలీ అయినా అతను వెనక్కి కదిలే వేగం సెకనుకు 4 సెంటీమీటర్లు. చీమ తోసినంత. నిజానికి మనిషి ఉన్నచోటే కూలబడతాడు. కితానో సినిమాల్లో సరిగ్గా ఇలాగే ఉంటుంది. నిలబడి కాలుస్తారు, నిలబడి తగిలించుకుంటారు, చప్పున పడిపోతారు, అయిపోతుంది. చూసేవాళ్లకు ఎగిరిపడేవాటికంటే ఇదే ఎక్కువ ఇబ్బందిగా ఉంటుంది.

రక్తం విషయం: నటుడి బట్టల లోపల రక్షణ పలక, దాని మీద చిన్న పేలుడు మందు, దాని మీద రంగునీళ్ల సంచి. టైమింగ్ చూసి బయటి నుంచి పేలుస్తారు. చొక్కాకు ముందే సన్నగా కోత పెట్టి ఉంచుతారు, లేకపోతే గుడ్డ చిరగదు. తర్వాతి టేక్‌కి మళ్లీ కొత్త చొక్కా కావాలి, అందుకే చిన్న సినిమాల్లో ఇలాంటి సీన్‌లకు రెండో టేక్ ఉండదు.

ప్రశ్న: రెండు చేతుల్లో రెండు పిస్టల్స్ పట్టుకుని దూకుతూ కాల్చడం జపాన్ వాళ్లు కనిపెట్టిందేనా?

జవాబు: ఆ మోజు ప్రపంచానికి అంటించింది 80ల చివర్లో వచ్చిన హాంకాంగ్ సినిమాలు. జపాన్‌లో దానికి ఇల్లు దొరికింది వీడియో క్యాసెట్ మార్కెట్‌లో. 1989లో తోయె అనే సినిమా సంస్థ థియేటర్లకు వెళ్లకుండా నేరుగా క్యాసెట్‌గా అమ్మే వీ-సినిమా అనే వరుస మొదలుపెట్టింది. మొట్టమొదటిదే గంట నిడివి ఉన్న తుపాకుల సినిమా, 'క్రైమ్ హంటర్'. టీవీలో చూపించలేనిది, థియేటర్‌లో ఆడనిది అంతా అక్కడికి చేరింది. చెత్త చాలా ఉంది, ఒప్పుకోవాలి. కానీ తుపాకుల పిచ్చి ఉన్న దర్శకులు, సాంకేతిక నిపుణులు పని నేర్చుకున్నది అక్కడే. ఇక రెండు చేతుల్లో రెండు అంటారా, గురి చూడటానికి ఉన్నది ఒక చూపే. మ్యాగజైన్ మార్చాలంటే మూడో చెయ్యి కావాలి.

ప్రశ్న: జపాన్‌లో మామూలు మనిషికి తుపాకీ అసలు దొరకదా? ఒక సినిమాలో పల్లెటూరి ముసలాయన షాట్‌గన్ తీసి విలన్లను తరిమేస్తాడు.

జవాబు: ముసలాయన సీన్ నమ్మవచ్చు. వేటకూ, షూటింగ్ క్రీడకూ షాట్‌గన్ లైసెన్స్ ఇస్తారు. రాతపరీక్ష, కాల్చే పరీక్ష, డాక్టర్ సర్టిఫికెట్, మీ ఇంటివాళ్ల దగ్గర, చుట్టుపక్కల విచారణ. తుపాకీ ఒకచోట తాళంలో, తూటాలు ఇంకోచోట తాళంలో. ఏటా పోలీసులు తనిఖీ చేస్తారు. రైఫిల్ కావాలంటే పదేళ్లు షాట్‌గన్ లైసెన్స్ మచ్చ లేకుండా నడిపి ఉండాలి. కాబట్టి సినిమాలో రైఫిల్ ఉన్న ముసలాయన కనిపిస్తే, ఊళ్లో అంతకంటే క్రమశిక్షణ గలవాడు లేడని అర్థం!

2021లో దేశం మొత్తం మీద కాల్పుల ఘటనలు 10, చనిపోయింది ఒక్కరు. మరుసటి ఏడాది జులైలో నారా నగరంలో మాజీ ప్రధాని షింజో అబేను చంపింది కొన్న తుపాకీ కాదు, ఇంట్లో తయారు చేసుకున్నది.

ప్రశ్న: అక్కడి అభిమానులు తమ హీరో తుపాకీ కొనుక్కోవచ్చా?

జవాబు: బొమ్మలు కొనుక్కోవచ్చు, అదో పెద్ద పరిశ్రమ. టోక్యో మరుయి అనే కంపెనీ 1991లో మోటారుతో ప్లాస్టిక్ గోళీలు కాల్చే తుపాకీని అమ్మకానికి పెట్టాక, ఇలాంటి తుపాకులతో ఆడే ఎయిర్‌సాఫ్ట్ ఆట అక్కడి నుంచి ప్రపంచమంతా పాకింది. 2006లో గోళీ శక్తికి చట్టం హద్దు పెట్టింది, 6 మిల్లీమీటర్ల గోళీకి సుమారు 0.98 జౌల్. దాటితే అది బొమ్మ కాదు, నేరం.

ప్రశ్న: కొత్త సినిమాల్లో మంట కంప్యూటర్‌లో వేశారో, నిజంగా మందు పేల్చారో కనిపెట్టేదెలా?

జవాబు: తుపాకీని చూడకండి, కాల్చేవాడి మొహం, పక్క గోడ చూడండి. నిజం మంటైతే ఆ క్షణంలో చెంప మీద, చొక్కా మీద వెలుగు పడుతుంది, కళ్లు అప్రయత్నంగా మూసుకుంటాయి, తర్వాత కాస్త పొగ గాలిలో ఉండిపోతుంది. కంప్యూటర్ మంట చాలాసార్లు తుపాకీ మూతి దగ్గరే ఆగిపోతుంది, గదిలో ఇంకేదీ వెలగదు. రాత్రి సీన్‌లో అయితే ఇట్టే తెలిసిపోతుంది. బడ్జెట్ బాగా ఉన్నవాళ్లు ఈ వెలుగు కూడా కలుపుతున్నారు, అప్పుడు నటుడి కనురెప్పలు ఒక్కటే సాక్ష్యం. రెప్ప వేయకుండా పది రౌండ్లు కాల్చాడంటే చేతిలో ఉన్నది గ్యాస్ బొమ్మే.